తాళాలాయన చేతి మిషన్

రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఈ ఇంటి తోడికోడళ్ళను చూసి ఉండరు. అత్తగారు పోయి చాలా కాలమైనా వీధిలో వాళ్ళ పేర్లు ఇప్పటికీ పెద్దకోడలు, చిన్నకోడలే. కాస్త చనువున్నవాళ్ళు సూదమ్మ, కత్తెరమ్మ అని కూడా అనేవారు. ఎందుకంటే చిన్నకోడలు కొలతలు తీసుకుని గుడ్డ కత్తిరించేది, పెద్దకోడలు కుట్టేది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టేవాళ్ళు కాదు.

చిన్నకోడలికి కుట్టడం రాక కాదు. పుట్టింట్లో నేర్చుకునే వచ్చింది. కానీ అక్క పక్కన కూర్చుని కుట్టడమంటే, కచేరీ జరుగుతుంటే పక్కన నిలబడి కూనిరాగం తీసినట్టుంటుంది. అది మొదటి నెలలోనే అర్థమైంది. అందుకని బల్ల దగ్గరికి వెళ్ళి కత్తెర పట్టుకుంది, అక్కడే స్థిరపడిపోయింది. వీధి గదిలో కిటికీ కింద ఆమె బల్ల, దానికి ఆనుకుని అక్క కాలిమిషన్. కత్తిరించిన ముక్క బల్ల మీద నుంచి జారి మిషన్ మీద పడేది. ఇది ముందు భాగం, ఇది వెనక అని చెప్పాల్సిన పని ఉండేది కాదు. వాళ్ళు మాట్లాడుకునేదంతా వేరే సంగతులు. పక్కింటి పెళ్ళి సంబంధం, ఎదురింటి కుక్క, మగవాళ్ళ తిక్కలు. మిషన్ నడుస్తూనే ఉండేది, నోళ్ళూ నడుస్తూనే ఉండేవి.

ఒకరోజు పొద్దున, స్కూలు యూనిఫారం చొక్కాకి కాలరు కుడుతూ, పెద్దకోడలు చేతిలోని చిన్న కత్తెర కింద పడేసుకుంది. "తీసివ్వవే" అనబోయింది. మాట సగంలో వంకర తిరిగింది. పక్షవాతం అన్నారు ఆసుపత్రిలో. మాట కొన్నాళ్ళకు తిరిగొచ్చింది. కాలు ఈడ్చుకుంటూనైనా నడిచే స్థితికి వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఒళ్ళో పెట్టుకుంటే ఒళ్ళో ఉండేది, పక్కన పెడితే పక్కన ఉండేది, ఎవరిదో మరిచిపోయిన వస్తువులాగా.

కుడికన్ను కూడా కొంచెం మసకేసిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఎడమకన్ను బాగానే ఉంది కదా, చాల్లే అనుకున్నారు. అన్నం పెడితే కంచంలో సగం అలాగే వదిలేసి, "ఇంతేనా పెట్టావు, నా తిండి మీద కూడా కత్తెరేశావుటే" అనేది పెద్దకోడలు. చిన్నకోడలు కంచం అటుదిటు తిప్పి పెట్టేది. అక్క మిగతాది కూడా తినేసేది. జబ్బు మనిషి పరధ్యానం అనుకుంది చిన్నకోడలు.

కాలిమిషన్ మీద దుప్పటి కప్పారు. వారానికోసారి ఆ దుప్పటి తీయించి, మిషన్ తుడిపించి, నూనె వేయించి, మళ్ళీ కప్పించేది పెద్దకోడలు. మంచం మీద నుంచే, చెవి అటు పెట్టి, చక్రం తిప్పమనేది. ఆ చప్పుడు విని, "సరే, కప్పెయ్యి. చెయ్యి రానీ, దీని సంగతి చెబుతా" అనేది. చెయ్యి రాదని డాక్టరు ఇంటి మగవాళ్ళిద్దరికీ చెప్పాడు. వాళ్ళు చిన్నకోడలికి చెప్పారు. అక్కకు చెప్పే పని మాత్రం ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళకు వదిలేశారు.

పని ఆగితే ఇల్లు ఆగుతుంది. కత్తిరించిన ముక్కలు మూటగట్టి బజారు దర్జీకి ఇచ్చి కుట్టించడం మొదలుపెట్టింది చిన్నకోడలు. ఆ దర్జీ చెడ్డవాడు కాదు, కానీ తొందర మనిషి. ఒక చొక్కాకి కాలరు ఒక చెవి పెద్దదీ ఒక చెవి చిన్నదీ అయిన కుందేలులా వచ్చింది. ఇంకో గౌనుకి చేతులు అటుదిటు తగిలించాడు. ఎప్పుడూ నోరు విప్పని ఆడవాళ్ళు కూడా గుమ్మంలో నిలబడి, సూదమ్మకి ఎప్పటికి నయమవుతుందని అడిగి, బట్ట ఇవ్వకుండానే వెళ్ళిపోవడం మొదలుపెట్టారు.

అక్క మిషన్ ఊరికే ఉంది కదా, నువ్వే కూర్చోరాదా అని మొగుడు ఒకసారి అన్నాడు. అది తెలియకనా. ఆ మిషన్ ఎక్కడం ఎంతసేపు పని? దుప్పటి తీసి కూర్చోవడమే. కానీ ఆ దుప్పటి తీసి కూర్చున్న క్షణాన, డాక్టరు చెప్పిన మాట తను చెప్పినట్టే అవుతుంది. నోటితో చెప్పడానికి భయపడిన మాట కాళ్ళతో ఎలా చెప్పగలదు? "ఆవిడ కళ్ళముందా?" అంది మొగుడితో. అతను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అలాంటి రోజుల్లో వీధి తలుపు తాళం బిగుసుకుపోయి, తాళాలాయన వచ్చాడు. ఇంటి వాలకం చూసి, దుప్పటి కప్పిన మిషన్ చూసి, పని చేస్తూ చేస్తూ ఆయన తన దగ్గరున్న పాత చేతిమిషన్ సంగతి చెప్పాడు. పాత సామాన్ల కొట్టులో మూత పడి, తాళం పడి, తాళంచెవి పోయి ఉన్న పెట్టె అది. లోపలేముందో అమ్మేవాడికీ తెలియదు, ఎవరూ కొనలేదు. ఈయన తాళం మీద మోజుతో తెచ్చుకుని తెరిచాడు. నల్లటి ఒళ్ళు మీద పసుప్పచ్చ పూలతీగలతో చేతిమిషన్. ఏళ్ళనాటిది. తుప్పు గీకి, ప్రతి మరా విప్పి తుడిచి, మళ్ళీ బిగించాడు. అమ్ముతాడట, కానీ వాడేవాళ్ళకే అమ్ముతాడట. షోకేసులో పెట్టుకునేవాళ్ళు ఇద్దరొస్తే పంపించేశాడట.

ఆ రోజంతా చిన్నకోడలి చేతిలో కత్తెర ఆడలేదు. చేతిమిషన్ కి కాళ్ళతో పని లేదు. కుడిచేత్తో చక్రం తిప్పాలి, ఎడమచేత్తో గుడ్డ నడపాలి. కుట్టంతా ఎడమచేతిలోనే ఉంటుంది, చక్రం తిప్పడం ఎవరైనా తిప్పుతారు. అక్కకి ఎడమచెయ్యి ఉంది. కుడిచెయ్యి తనవుతుంది. ఒక మిషన్ ముందు ఇద్దరు కూర్చుంటే, మధ్యలో మళ్ళీ అక్క కుట్టు పుడుతుంది. ఈ ఆలోచన వచ్చిన దగ్గర్నుంచి ఆమె దాన్ని కొంగున కట్టుకున్నట్టు మోసుకుని తిరిగింది. విప్పి చూసుకునేది, మళ్ళీ ముడేసుకునేది.

చివరికి అక్క దగ్గర కూర్చుని, పాత మిషన్ ఒకటుంది, మంచీచెడ్డా నువ్వే చూడాలి అంది.

"ఇంట్లో ఒకటుండగా ఇంకోటెందుకే? ఒకటి కుట్టడానికీ ఒకటి దిష్టికీనా?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు అప్పుడు మొత్తం చెప్పింది. నువ్వు నడుపు, నేను తిప్పుతాను అంది. పెద్దకోడలు చాలాసేపు ఒళ్ళో ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో నిమురుతూ కూర్చుంది. తర్వాత, దువ్వెన తెమ్మంది. ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ కదలని మనిషి, బీరువాలో అడుగున ఉన్న మంచి బట్టలు తీయమంది. చిన్నకోడలు ఆమెకి తల దువ్వుతుంటే, "నాకు పెళ్ళిచూపులా, ఆ మిషన్ కా?" అని నవ్వింది. జబ్బు చేశాక ఆమె నవ్వడం అదే మొదలు.

తాళాలాయన కొట్టు ఒక సందు చివర ఇరుకు గది. గోడల నిండా తాళంచెవులు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. నేల మీద ఆకురాయి పొడి. పనిబల్ల మీద ఒక పక్క సామాను తోసేసి మిషన్ పెట్టాడు, కింద కొత్త గుడ్డ పరిచి మరీ. ఇద్దరికీ రెండు ముక్కాలిపీటలు వేశాడు. పెద్దకోడలు కూర్చోగానే మొహం మారిపోయింది. గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదాన్ని ఎడమచేత్తోనే ఎత్తి దించింది. కింద గుడ్డని ముందుకు లాగే పళ్ళను గోటితో తడిమింది. చిన్నకోడల్ని చక్రం తిప్పమని, కళ్ళు మూసుకుని విన్నది.

"మా అత్తగారికంటే తక్కువ మాట్లాడుతోంది" అంది. "బాగుంది బాబూ. దీని ప్రాణం పోకుండా చూశావు."

తాళాలాయన చేతిలోని మాసిన గుడ్డతో మిషన్ మీద లేని దుమ్మును మరోసారి తుడిచాడు.

చిన్నకోడలు ఇంటి నుంచి కత్తిరించి తెచ్చిన దిండు గలీబు గుడ్డ తీసింది. తెల్ల గుడ్డ, తెలియడానికి ఎర్ర దారం. రెండు పొరలు కలిపి పాదం కింద పెట్టింది పెద్దకోడలు. ఒంటిచేత్తోనే అంచులు కలిపింది, ఆ కలపడంలో ఎక్కడా తడబాటు లేదు. చిన్నకోడలు కుడిపక్కన కూర్చుని చక్రం పిడి పట్టుకుంది. "మెల్లిగా" అంది అక్క. చక్రం తిరిగింది. సూది దిగింది, లేచింది. ఎర్రటి కుట్టు అంచు పక్కనే నూలు పట్టి కొట్టిన గీతలా మొదలైంది. చిన్నకోడలు తల దించుకుని చక్రం మీదే చూపు పెట్టి తిప్పింది, కన్నీళ్ళు వస్తే కుట్టు చెడుతుందేమో అన్నట్టు.

తల ఎత్తి చూసేసరికి కుట్టు అంచు మీదకి వచ్చేసి ఉంది. అక్క సరిచేస్తుంది అనుకుంది. అక్క చెయ్యి గుడ్డని నింపాదిగా, నమ్మకంగా, అదే దారిన తోస్తోంది. కుట్టు అంచు దాటింది. సూది గుడ్డ లేని చోట దిగుతోంది, లేస్తోంది. ఎర్ర దారం గాలిలో పేట పేనుకుంటోంది. అక్క కళ్ళు గుడ్డ మీదే ఉన్నాయి. రెప్ప కూడా కొట్టడం లేదు. ముఖం నిండా వెలుగు.

చిన్నకోడలి చెయ్యి తిప్పుతూనే ఉంది. ఆపాలని తెలుసు, ఆపలేదు. కంచంలో సగం ఎందుకు మిగిలిపోతోందో ఇప్పుడు తెలిసింది. మసక కుడికంట్లో లేదు. రెండు కళ్ళ చూపులోనూ కుడిపక్క అన్నదే లేదు. అక్క లోకంలో గుడ్డకి కుడి అంచు లేదు. లేని అంచు దాటితే తెలిసేదెలా?

"అయిందా?" అంది పెద్దకోడలు. "చూశావా, చెయ్యి మరిచిపోలేదు."

తాళాలాయన అప్పుడే వంగి చూశాడు. పాపం, ఆయనకేం తెలుసు. "కుట్టు బయటికి పోయిందమ్మా" అన్నాడు.

పెద్దకోడలు గుడ్డ లాక్కుని ఒళ్ళో పరుచుకుంది. చూడలేదు, బొటనవేలు వేసి కుట్టు వెంబడి జరిపింది. సగం దూరం దాకా వేలు సాగింది. తర్వాత వేలికింద ఏమీ లేదు. వేలు వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. అంచు పట్టుకుని వేలాడుతున్న ఎర్ర దారం పేట చేతికి తగిలింది.

"మిషన్ లాగుతోంది" అంది. మాట కాస్త ముద్దగా వచ్చింది, జబ్బు తొలి రోజుల్లోలాగా. "పళ్ళు ఒకపక్క అరిగాయి బాబూ. గుడ్డని పక్కకి లాగుతోంది."

తాళాలాయన మొహం మాడింది. ఎవరైనా తన బిడ్డకి మెల్లకన్ను అన్నట్టే అయింది ఆయనకి. అలా లాగే ప్రసక్తే లేదనీ, తనే ఎన్నోసార్లు గుడ్డ పెట్టి చూశాననీ, చిన్నమ్మని ఒకసారి కుట్టమంటే తేలిపోతుందనీ అన్నాడు. కోపంగా అనలేదు. న్యాయం అడిగినట్టు అన్నాడు.

పెద్దకోడలు మిషన్ ముందు నుంచి పీట జరుపుకుని, "కుట్టవే" అంది.

అన్నేళ్ళలో అక్క ఎదుట ఎప్పుడూ మిషన్ ముందు కూర్చోని మనిషి, అలా మొదటిసారి కూర్చుంది. ఇంకో గలీబు ముక్క పెట్టింది. చక్రం కుడిచేతిలో, గుడ్డ ఎడమచేతిలో. మిషన్ వెన్నలాంటిది. తిన్నగా కుడితే తిన్నగా వస్తుంది. వస్తే, తప్పు ఎవరిదో ఈ గదిలో ఉన్న ముగ్గురికీ తెలిసిపోతుంది. కొంతదూరం తిన్నగా నడిపింది. ఆ తర్వాత, ఎడమచేతి వేళ్ళతో గుడ్డని మెల్లిగా పక్కకి జరిపింది. కుట్టు వంకర తిరిగి, అక్క కుట్టులాగే, అంచు దాటి బయటికి పోయింది. జీవితంలో ఒక్క ముక్క కూడా కావాలని పాడుచేయని మనిషి ఆమె.

"అవునక్కా" అంది. "లాగుతోంది."

తాళాలాయన ఆమె ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, వెనక్కి తిరిగి గోడకున్న ఒక గుత్తిని ఊరికే సర్దడం మొదలుపెట్టాడు.

పెద్దకోడలు ఆ గుడ్డ కూడా తీసుకుని బొటనవేలు జరిపింది. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు. వంకర తిరిగిన చోట వేలు ఆగింది.

"ఎవరిని మోసం చేద్దామనుకున్నావే?" అంది నెమ్మదిగా. "మిషన్ లాగితే మొదటి టాకా నుంచే లాగుతుంది. సగం దూరం వచ్చాక గుర్తొచ్చి లాగదు."

ఆ మాట అన్నాక, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయింది. చెయ్యి పక్కనున్న తన గుడ్డ మీదకి వెళ్ళింది. దాని కుట్టు కూడా మొదట తిన్నగానే మొదలైంది. సగం దూరం వచ్చాకే పోయింది. వేలు అక్కడే ఉండిపోయింది. బయట సందులో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. చిన్నకోడలికి ఏదో ఒకటి అనాలనిపించింది, అబద్ధమైనా నిజమైనా.

"నాకు కనబడేలా చూపించు" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు లేచి అక్కకి అటువైపు వచ్చి, గుడ్డని తలకిందులు చేసి, కుట్టు పోయిన అంచును అక్క ఎడమపక్కకి తెచ్చి పెట్టింది. పెద్దకోడలు అప్పుడు చూసింది. చాలాసేపు చూసింది.

"అన్నం కూడా ఇలాగేనా?" అంది.

చిన్నకోడలు తల ఊపింది. ఊపింది అక్క ఎడమపక్కనే, అందుకని అక్కకి కనబడింది.

"సరిగ్గా కుట్టు. ఈసారి నా కోసం వంకర తిప్పకు."

చిన్నకోడలు మూడో ముక్క పెట్టి కుట్టింది. కళ్ళు నిండిపోయి గుడ్డ అలుక్కుపోయి కనబడుతున్నా, చెయ్యి తప్పలేదు. కుట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిన్నగా వచ్చింది. పెద్దకోడలు బొటనవేలు జరిపి చివర దాకా వెళ్ళింది. బాగుందని అనలేదు, బాలేదనీ అనలేదు. గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"బాబూ, నీ మిషన్ లో ఏ లోపమూ లేదు. ఇందాక అన్నది మనసులో పెట్టుకోకు" అంది తాళాలాయనతో. "నూనె వేసేవాళ్ళకి ఇయ్యి. తక్కువకి ఇవ్వకు. మాకు వద్దు. మా ఇంట్లో ఒకటుంది." ఒళ్ళోని గుడ్డ మడత సర్దుకుని, "ఖాళీగానే ఉంది" అంది.

చిన్నకోడలు అక్కా అంటూ ఏదో అడ్డు చెప్పబోయింది. ఇది కొనుక్కుందామనీ, కుడి అంచున తను వేలు పెట్టి చూపిస్తూ ఉంటాననీ, గుడ్డకి రంగుదారం అంటిస్తాననీ. "నీ వేలు చూసి కుడితే అది కుట్టడమంటారుటే?" అంది పెద్దకోడలు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది చిన్నకోడలికి. తాళాలాయన వాళ్ళను సందు మొదటి దాకా దిగబెట్టాడు. సైగ చేసి రిక్షా ఒకటి ఆపి, పెద్దకోడలు ఎక్కేదాకా హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక పెద్దకోడలు మంచి బట్టలు మార్చుకోవడానికి కూడా ఆగలేదు. మంచం మీద కూర్చుని, దుప్పటి తియ్యమంది. చిన్నకోడలు తీసింది. పీట ఎత్తు సరిపోతుందా అని అడిగింది అక్క. సరిపోతుంది అంది చిన్నకోడలు, సరిపోకపోయినా. బజారు దర్జీకి ఇవ్వడానికి మూటగట్టి పెట్టిన ముక్కలున్నాయి కదా, విప్పమంది అక్క. చిన్నకోడలు విప్పింది.

పెద్దకోడలు మంచం మీద గోడ వైపుకి తిరిగి పడుకుంది.

చిన్నకోడలు కూర్చుని కాళ్ళు తొక్కుడుపలక మీద పెట్టగానే మిషన్ కదిలింది. ఎన్నాళ్ళుగానో నూనె మాత్రమే తాగి ఊరికే కూర్చున్న మిషన్, చాలా తేలిగ్గా నడిచింది. ముందుగా చొక్కా భుజాలు కలిపింది. ఆపింది. అక్క ఏమైనా అంటుందని. ఆ ఇంట్లో ఎవరు మిషన్ తొక్కినా, సరదాకి పిల్లలు తొక్కినా, అక్క నోరు ఊరుకునేది కాదు. మెల్లిగా అనో, దారం బిగుసుకుందనో, గుర్రం మీద ఎక్కావా అనో. ఇప్పుడేమీ వినబడలేదు. పక్క కుట్లు వేసింది. మళ్ళీ ఆపింది. గోడ వైపు తిరిగిన వీపు కదల్లేదు, కానీ నిద్రపోలేదని ఊపిరిలో తెలుస్తూనే ఉంది.

చెయ్యి తగిలించే దగ్గర, చంక గుండ్రం తిప్పుతున్నప్పుడు, గుడ్డ ముడత పడి సూది కింద ఇరుక్కుంది. మిషన్ ఒక్కసారి గొంతు పట్టేసినట్టు ఆగింది. ఆ చప్పుడు ఏమిటో అక్కకి తెలియకుండా ఉండదు. చిన్నకోడలు రెండు చేతులూ గుడ్డ మీద పెట్టి, కదలకుండా, చివాట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఒక్క మాట చాలు. మొద్దూ అన్నా చాలు.

అక్క ఏమీ అనలేదు.

చిన్నకోడలు పాదం ఎత్తి, గుడ్డ బయటికి తీసి, ముడత పడిన చోట టాకాలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.